తివాచీ, ఇసుక రేణువు, దుమ్ము పీల్చు యంత్రము

జడత్వమును గురించి బోధించునపుడు ఉపాధ్యాయులు తరచుగా చెప్పు ఉదాహరణము ఒకటి కలదు. తివాచీని దండెముపై వ్రేలాడదీసి కర్రతో కొట్టినచో అందలి దుమ్ము రాలిపోవును. కర్ర తగులగానే తివాచీ కదలును; దుమ్ము మాత్రము తానున్న చోటనే ఉండజూచును; కావున ఆ రెండును విడిపోవును. న్యూటన్ మొదటి సూత్రమునకు ఇంతకంటె తేలికయైన నిదర్శనము దొరకుట అరుదు.

అయితే ఈ ఉదాహరణమును చదువుచున్న విద్యార్థులలో తివాచీని అట్లు కొట్టగా చూచినవారు నేడు కొలదిమందియే యుందురు. సికిందరాబాదు చెంతనున్న మల్కాజ్‌గిరి వంటి పేటలలో పెరడుగల ఇండ్లు తగ్గి, అంతస్తుల మేడలు పెరిగినవి. మూడవ అంతస్తు వసారాలో తివాచీని దులిపినచో, ఆ దుమ్ము రెండవ అంతస్తువారు ఆరవేసికొన్న బట్టలపై పడును. అందుచేత కర్ర చేయు పని విద్యుత్తుతో నడచు వాక్యూమ్ క్లీనరునకు అప్పగింపబడినది. ఇది దుమ్మును పీల్చు యంత్రము. తెలిసి వాడినచో తివాచీ ఆయువును పెంచును. తెలియక వాడినచో కొన్ని నెలలు నేసిన పనితనమును కొన్ని నిమిషములలో పాడుచేయును. ఈ తేడా ఎక్కడ నుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు మూడు వస్తువుల స్వభావమును పరిశీలింపవలెను: దుమ్ము, తివాచీ, యంత్రము.

దుమ్ములో దాగిన రాయి

మల్కాజ్‌గిరికి ప్రక్కనే మౌలాలి గుట్ట కలదు. శిఖరమున దర్గాగల ఈ గుట్ట ఒక పెద్ద గ్రానైటు రాతిముద్ద. హైదరాబాదు, సికిందరాబాదు నగరములు ఇట్టి గ్రానైటు నేలపైననే వెలసినవి. ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు.

గ్రానైటును భూతద్దముతో చూచినచో అందు మూడు విధముల ఖనిజములు ముఖ్యముగా కనబడును. గులాబి రంగుగనో తెల్లగనో ఉండునది ఫెల్‌స్పార్. తళుకుమను నల్లని రేకులు కాకిబంగారము, అనగా అభ్రకము. గాజుముక్కలవలె కనబడునది పలుగురాయి. ఎండకు, వానకు, గాలికి ఈ రాయి యుగయుగములుగా శిథిలమగుచున్నది. ఫెల్‌స్పార్ నీటితో రసాయనిక చర్య పొంది క్రమముగా బంకమన్నుగా మారును. అభ్రకము రేకులై విడిపోవును. పలుగురాయి మాత్రము ఏ మార్పును పొందక, కేవలము చిన్న చిన్న ముక్కలై ఇసుకగా మిగులును. ఈ ప్రాంతపు వీధులలో గాలికి లేచు దుమ్మునందు మెత్తని మట్టితోబాటు ఈ ఇసుకయు ఉండుటకు కారణమిదియే.

ఖనిజముల కాఠిన్యమును పోల్చుటకు ఫ్రీడ్రిచ్ మోస్ అను శాస్త్రజ్ఞుడు 1812లో ఒక కొలమానమును ఏర్పరచెను. అందు మిక్కిలి మెత్తనిదగు బలపపురాయికి 1, మిక్కిలి కఠినమగు వజ్రమునకు 10 అని సంఖ్యల నొసగెను. పలుగురాయి సంఖ్య 7. సామాన్యమగు కత్తి ఉక్కు సంఖ్య 5½ ప్రాంతమున ఉండును; మన చేతి గోరు సంఖ్య సుమారు 2½. అనగా పలుగురాతి ఇసుక గాజునుగూడ గీయగలదు. మన గోరు కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. గొఱ్ఱె ఉన్నియు ఆ జాతి మాంసకృత్తుతోనే ఏర్పడినది. కఠినమగు ఈ ఇసుకయు, మెత్తనగు ఆ ఉన్నియు ఒకచోట చేరి పాదముల బరువు క్రింద నలిగినపుడు ఏది అరుగునో వేరుగ చెప్పనక్కరలేదు.

పైపైన కనబడు బూడిదవంటి దుమ్ము తివాచీ అందమును మాత్రమే చెరచును. దాని ప్రాణమును తీయునది కంటికి కనబడక అడుగున చేరిన ఇసుక. నడచినపుడెల్ల పోగులు వంగి లేచుచుండును. ఆ కదలికలో ఇసుక రేణువు మెల్లమెల్లగా క్రిందికి జారి పోగుల మొదళ్ళను చేరును. అచట చిక్కుకొని, ప్రతి అడుగు తాకిడికిని తన పదునైన అంచుతో పోగును కోయుచుండును. కొన్ని సంవత్సరములకు, మనుష్యులు నడచు దారి వెంబడి తివాచీ పలుచబడి అడుగు నేత బయటపడుటకు ఇది ఒక ముఖ్య కారణము.

పడుగు, పేక, ముడి

తివాచీలన్నియు ఒకే తీరుగా నేయబడవు. తెలుగు దేశమున రెండు రకములు ప్రసిద్ధములు. వరంగల్లులో, అందును ముఖ్యముగా కొత్తవాడ ప్రాంతమున, నేత పనివారు నూలుతో జంబుఖానాలను నేయుదురు; వీనినే దర్రీలని కూడ అందురు. వరంగల్లు దర్రీలకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఏలూరు పట్టణము ఉన్ని తివాచీలకు చిరకాలముగా పేరుపొందినది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున వరంగల్లు తివాచీలును ప్రదర్శింపబడెను.

జంబుఖానా నిర్మాణము సులభము. మగ్గముపై నిలువుగా బిగించిన దారములు పడుగు. వానిగుండ అడ్డముగా పోవునది పేక. పేకను బాగుగా దట్టించి కొట్టుటచే బట్ట మందముగను గట్టిగను తయారగును. దీనికి రెండు ముఖములును ఒకే విధముగా నుండును. పైకి లేచిన పోగులుండవు. ఇసుక దీనిపై నిలువక, సందులగుండ జారి నేలకును జంబుఖానాకును నడుమ చేరును.

ఏలూరు తరహా తివాచీలో పడుగు, పేకలతోబాటు మూడవది మరియొకటి కలదు. అది ముడి. పనివాడు రెండు పడుగు దారముల చుట్టు చిన్న ఉన్ని పోగును త్రిప్పి, దాని రెండు కొసలను పైకి తీసి కోయును. ఇట్లు ఒక వరుస ముడులు వేసిన పిమ్మట పేకను పోనిచ్చి దువ్వెనవంటి పనిముట్టుతో దట్టించును. పైకి నిలిచిన పోగుల కొసలే తివాచీకి మెత్తదనము నిచ్చు నూగు. ఇది నిటారుగ నిలువక ఒక వైపునకు కొంచెము వాలియుండును. అరచేతితో నిమిరినచో ఒక దిక్కున నునుపుగను, ఎదురు దిక్కున గరుకుగను తోచును. నునుపుగ తోచినదే నూగు వాలు. శుభ్రపరచునపుడు ఈ వాలును గుర్తించుట మిక్కిలి అవసరము.

ఈ పనితనము విలువను ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవుగల తివాచీ వైశాల్యము 3,456 చదరపు అంగుళములు. చదరపు అంగుళమునకు 100 ముడుల చొప్పున అందు 3,45,600 ముడులుండును. పనివాడు నిమిషమునకు 8 ముడులు వేయుననుకొన్నను 720 గంటలు పట్టును. దినమునకు 8 గంటల చొప్పున అది 90 దినముల శ్రమ. పేకను పోనిచ్చుట, దట్టించుట, కొసలను కత్తిరించుట ఈ లెక్కలో చేరలేదు.

ఇంకొక విషయము కలదు. తివాచీ రెండు చివరల వ్రేలాడు కుచ్చులను చూచి, అవి అలంకారము కొరకు కుట్టినవని చాలమంది తలంతురు. చేతితో నేసిన తివాచీలో ఆ కుచ్చులు పడుగు దారముల కొసలే. తివాచీ మొదటి నుండి చివరవరకు పోవు వెన్నెముకవంటి దారము అచట బయటపడుచున్నది. కుచ్చు తెగి, చివరి కట్టు సడలినచో పేకయు, ఆ పేక పట్టియుంచిన ముడులును ఒక్కొక్కటిగా ఊడుట కారంభించును.

నేడు బజారులో దొరకు తివాచీలలో కొన్ని ముడులు లేనివి. ఒక బట్టలో సూదివంటి పరికరముతో పోగులను గ్రుచ్చి, వెనుకవైపున రబ్బరు పాలతో అంటించి, పైన మరియొక గుడ్డ వేయుదురు. ఇవి ముడి తివాచీలకంటె చౌక. అయితే కాలము గడచినకొలది రబ్బరు ఎండి పొడియగును. తివాచీని ఎత్తినపుడు నేలపై తెల్లని లేక పసుపుపచ్చని పొడి కనబడినచో అది దుమ్ము గాదు. పోగులను పట్టియుంచిన జిగురే రాలుచున్నదని తెలియవలెను.

యంత్రము పీల్చుట లేదు

1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, గాలిని బలముగ ఊది దుమ్మును లేపు ఒక యంత్ర ప్రదర్శనమును చూచెను. ఆ యంత్రము లేపిన దుమ్ములో చాల భాగము తిరిగి అచటనే పడుచుండెను. ఊదుటకు మారుగా లోనికి లాగినచో ఎట్లుండునని ఆయన ఆలోచించెను. చేతిరుమాలును కుర్చీ మెత్తపై పరచి, దానిపై నోరుంచి గాలి పీల్చి చూచెను. రుమాలు క్రిందివైపున నల్లని మరక ఏర్పడెను. ఆ ఆలోచన నుండి పుట్టిన ఆయన యంత్రమును గుఱ్ఱపు బండిపై తీసికొనిపోయి వీధిలో నిలిపి, పొడవైన గొట్టములను కిటికీలగుండ ఇంటిలోనికి పంపెడివారు.

ఇంటిలో ఒక్కరే త్రిప్పుకొనదగిన విద్యుత్ యంత్రమునకు 1908లో అమెరికాలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ పేటెంటు పొందెను. ఆయన ఒక దుకాణమున ఊడ్చు పనిచేయుచుండెను. దుమ్మువలన ఆయనకు ఉబ్బసము బాధ కలుగుచుండెను. పంకా మోటారు, సబ్బుపెట్టె, చీపురు కర్ర, దిండుగలీబు—వీనితో ఆయన తొలి యంత్రము తయారైనది. ఆయన అందు తిరుగు బ్రష్‌ను గూడ అమర్చెను. నేటి యంత్రములలోని బ్రష్ దాని సంతతియే.

ఈ యంత్రము దుమ్మును పీల్చుచున్నదని వాడుకలో అందుముగాని, నిజమునకు పని చేయునది బయటి గాలి. లోపలి పంకా వేగముగ తిరుగుటచే యంత్రములో పీడనము తగ్గును. బయటనున్న వాతావరణ పీడనము ఎక్కువగా నుండుటచే గాలి లోనికి త్రోయబడును. ఆ గాలి తన వెంట దుమ్మును కొనిపోవును. లోపల ఏర్పడునది పూర్ణశూన్యమును గాదు. హైదరాబాదు ఎత్తులో వాతావరణ పీడనము సుమారు 950 మిల్లీబారులు. ఇంటి యంత్రము దాని మూతి పూర్తిగ మూసినపుడు సుమారు 200 మిల్లీబారులు తగ్గింపగలదు.

ఈ తేడా చిన్నదిగా తోచవచ్చును. దానిని బలముగా మార్చి చూడవలెను. 200 మిల్లీబారులనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 200 గ్రాముల బరువు. యంత్రపు మూతి 30 సెంటీమీటర్ల పొడవు, 1½ సెంటీమీటర్ల వెడల్పు గలదనుకొన్నచో దాని వైశాల్యము 45 చదరపు సెంటీమీటర్లు. మొత్తము బలము 9 కిలోగ్రాముల బరువుతో సమానము. నాలుగు కిలోల జంబుఖానా ఆ మూతి నంటుకొని లేచుటలో వింతయేమున్నది? బట్టలో సందులుండుటచే గాలి కొంత దూరి అసలు బలము తగ్గును. అయినను పలుచని దర్రీని ముడతపెట్టి మూతిలోనికి లాగుటకు, సడలిన పేకను పైకి లేపుటకు అది చాలును.

గాలి వేగమును గూడ లెక్కింపవచ్చును. సెకనుకు 30 లీటర్ల గాలి ఆ మూతిగుండ పోవుచున్నచో దాని వేగము సెకనుకు సుమారు 6.7 మీటర్లు, అనగా గంటకు 24 కిలోమీటర్లు. ఇది మెత్తని దుమ్మును లేపగలదు. నూగు మొదట, పోగుల రాపిడిలో చిక్కుకొన్న ఇసుక సంగతి వేరు. అచటి గాలి దాదాపు నిశ్చలముగ నుండును. రేణువు ముందు కదలవలెను. కదలినపిదపనే గాలి దానిని కొనిపోవును. పూర్వము కర్ర చేసిన పని ఆ కదలించుటయే. యంత్రమున దానిని బ్రష్ చేయును.

హాని ఎచట కలుగును?

ఇంతవరకు చెప్పిన దానినుండి హాని కలుగు చోట్లు తామే తేలును. తిరుగు బ్రష్ నిమిషమునకు వేల మారులు నూగును తాకును. గోడ నుండి గోడకు పరచి నేలకు అంటించిన మిల్లు తివాచీలను దృష్టిలో నుంచుకొని అట్టి బ్రష్‌లు చేయబడినవి. చేతిముడి తివాచీపై, అందును పట్టు నూగుపై, అది పోగులను చీల్చి మెరుపును పోగొట్టును. ఒకేచోట నిలిపియుంచినచో హాని మరింత అధికము. కుచ్చులు బ్రష్ కడ్డీకి చుట్టుకొని తెగును. పోగులు కోయబడక మెలికలుగా నిలిచిన తివాచీలో ఒక మెలిక చిక్కినచో వరుస అంతయు ఊడివచ్చును. జిగురుతో అంటించిన తివాచీలో ఎండిన రబ్బరు అదరుటచే రాలి పోగులు ఊడును. తమంత తాము తిరుగు చిన్న యంత్రములును కుచ్చులకు ప్రమాదకరములే. వానిని విడుచునపుడు కుచ్చులను లోనికి మడచుట మంచిది.

ఒక అనుమానమును ఇచట తీర్చవలెను. క్రొత్త ఉన్ని తివాచీని శుభ్రపరచినపుడు యంత్రపు సంచిలో మెత్తని ఉన్ని పింజలు చేరును. నేతలో తెగి మిగిలిన పొట్టిపోగులు కొన్ని నెలలవరకు అట్లు బయటికి వచ్చుట సహజము. ముడులతోబాటు పొడవైన పోగులు ఊడివచ్చినచో మాత్రము అది హానికి గుర్తు.

శుభ్రపరచు క్రమము

మొదట తివాచీని చూడవలెను. ఒక మూలను వెనుకకు మడచి పరిశీలించినచో ముడులు కనబడుచున్నవో, గుడ్డ అంటింపబడియున్నదో తెలియును. తెగిన దారములు, సడలిన అంచులు ఉన్నచో ఆ చోట్లకు యంత్రమును పోనీయరాదు.

తరువాత వెనుకవైపు. గట్టిగానున్న ముడి తివాచీని బోర్లించి, వెనుకనుండి అరచేతితో మెల్లగా తట్టి, బ్రష్ లేని మూతితో ఒకమారు శుభ్రపరచవలెను. ముడుల నడుమ చిక్కిన ఇసుక సడలి క్రిందికి రాలును. తివాచీని ఎత్తిచూచినచో నేలపై రాలిన ఇసుకయే ఇంతకాలము పోగులను కోయుచుండినదని తెలియును. ఆ నేలను ఊడ్చిన పిదపనే తివాచీని తిరిగి పరువవలెను. మిక్కిలి పాతవానిని, పట్టువానిని, జిగురుతో అంటించినవానిని తట్టరాదు.

పిదప పైవైపు. తిరుగు బ్రష్‌ను ఆపవలెను. ఆపుటకు వీలులేని యంత్రమైనచో మూతిని ఎత్తుగా అమర్చుకొనవలెను. గొట్టము పిడివద్ద చిన్న కిటికీవంటి మూత ఉండును. దానిని తెరచినచో గాలి కొంత ఆ దారిని లోనికి పోవును. మూతివద్ద పీడన భేదము తగ్గి లాగు బలము తగ్గును. పలుచని జంబుఖానాలకు, పట్టునకు ఈ కిటికీని తెరచియుంచుట మంచిది. ఒక అంచును పాదముతో అదిమిపట్టి, నడుమనుండి అంచులవైపునకు, నూగు వాలు వెంబడి మూతిని నడుపవలెను. కుచ్చులకు జానెడు దూరమున ఆగవలెను. కుచ్చులను చేతితోనే దులిపి, మెత్తని బ్రష్‌తో లోపలినుండి బయటికి దువ్వినచో చాలును.

తొందర కూడదు. ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పుగల మూతి సెకనుకు ఒక మీటరు వేగముతో పోయినచో తివాచీలోని ఏ బిందువుపైనను అది సెకనులో 60వ వంతు కాలము కూడ నిలువదు. వేగమును నాలుగవ వంతునకు తగ్గించినచో ఆ కాలము నాలుగు రెట్లగును. బలమును పెంచుటకంటె కాలమును పెంచుట తివాచీకి క్షేమము.

విలువైన పాత తివాచీలకు, చిరుగుచున్నవానికి వస్తుసంరక్షకులు పాటించు పద్ధతి ఒకటి ఇంటిలోను అనుసరింపదగినది. సన్నని వలగుడ్డను తివాచీపై పరచి, లేక మూతికి కట్టి, మిక్కిలి తక్కువ బలముతో దుమ్మును తీయుదురు. గాలి, దుమ్ము వలగుండ పోవును, పోగు పోజాలదు. బూత్ చేతిరుమాలు చూపిన సూత్రమే ఇచట రక్షణకు ఉపయోగపడుచున్నది.

తడిసిన తివాచీపై సామాన్య యంత్రమును ఎన్నడును వాడరాదు. నీరు మోటారును చేరినచో వాడువారికి విద్యుత్ ఘాతము కలుగవచ్చును. సంచి నిండిపోయినను, వడపోత గుడ్డ మూసికొనిపోయినను గాలి ప్రవాహము తగ్గి మోటారు వేడెక్కును. చప్పుడు మాత్రము హెచ్చును. చప్పుడు శుభ్రతకు కొలత గాదు.

కనబడని నివాసులు

తివాచీని శుభ్రపరచుట దాని అందము కొరకు మాత్రమే గాదు. ఇంటి దుమ్ములో మిల్లీమీటరులో మూడవ వంతునకు మించని చిన్న పురుగులు నివసించును. ఇవి సాలెపురుగులకు దూరపు చుట్టములు. మన చర్మమునుండి రాలు పొట్టు వీని ఆహారము. ఇవి కుట్టవు, అయితే వీని విసర్జనములలోని మాంసకృత్తులు గాలిలో కలసి కొందరికి తుమ్ములను, ఉబ్బసమును కలిగించును. ఇవి తేమను గాలినుండియే గ్రహించును. కావున గాలిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతమునకు దిగువన చాలకాలము నిలిచినచో ఎండిపోవును. వేసవిలో తగ్గి, వానాకాలమున హెచ్చుటకు కారణమిదియే.

యంత్రము వీని విసర్జనములను చాలవరకు తొలగించునుగాని, పోగులను పట్టుకొనియున్న పురుగులనన్నిటిని లాగజాలదు. వడపోత సరిగా లేనిచో సన్నని దుమ్ము వెనుకనుండి తిరిగి గదిలోనికి చిమ్మబడును. హెపా అను వడపోత మైక్రానులో పదింట మూడు వంతుల రేణువులను గూడ నూటికి 99.97 వంతులు ఆపగలదు. ఉబ్బసముగల పిల్లలను శుభ్రపరచు సమయమున ఆ గదిలో నుంచకుండుట అన్నిటికంటె తేలికయైన జాగ్రత్త.

ఉన్నికి మరియొక శత్రువు చిమ్మెట. దాని పిల్లపురుగు కెరటిన్‌ను జీర్ణించుకొనగలదు. మనుష్యులు తిరుగు చోటగాక, బీరువా క్రింద, మంచము క్రింద చీకటిగా కదలక పడియున్న భాగమును అది తినును. అందుచేత నడచు దారిని ఎంత శ్రద్ధగా శుభ్రపరతురో, కనబడని మూలలను అంత శ్రద్ధగా శుభ్రపరచవలెను. సంచిని ఇంటి బయట ఖాళీచేయవలెను; గ్రుడ్లు అందు మిగులవచ్చును.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

గుమ్మమువద్ద ఊడ్చిన దుమ్మును గాజుగ్లాసు నీటిలో కలిపి కొంతసేపు నిలిపినచో ఇసుక ముందుగ అడుగున చేరును. దానిని కడిగి ఆరబెట్టి భూతద్దముతో చూచినచో పలుగురాతి ముక్కల పదును కనబడును. రెండు పనికిరాని గాజుపలకల నడుమ ఆ ఇసుకనుంచి, చేతికి గుడ్డ చుట్టుకొని ఉపాధ్యాయుడు రాచి చూపినచో గీతలు ఏర్పడును.

ఒక కాగితపు గొట్టముతో చిన్న కాగితము ముక్కను పీల్చి పట్టియుంచవలెను. గొట్టము ప్రక్కన సూదితో రంధ్రము చేసి మరల ప్రయత్నించినచో పట్టు సడలును. రంధ్రమును వ్రేలితో మూసినచో పట్టు తిరిగి వచ్చును. యంత్రపు పిడివద్దనున్న కిటికీ పని ఇదియే.

గోనెసంచి ముక్కపై తూచిన ఇసుకను చల్లి, కొన్నిమారులు త్రొక్కి, పైవైపున మాత్రమే ఊడ్చి తీసినదెంతో, బోర్లించి తట్టినపుడు రాలినదెంతో వేరువేరుగ తూచి పోల్చవచ్చును. రెండంకెలను నల్లబల్లపై వ్రాసినచో, వెనుకవైపును ఎందుకు శుభ్రపరచవలెనో విద్యార్థులే చెప్పగలరు.

ఇంటికి వచ్చినవారు చెప్పులను గుమ్మమువద్ద విడచుట, కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చుట తెలుగువారి ఇండ్లలో పాత ఆచారము. మౌలాలి గుట్ట వంటి గ్రానైటు గుట్టలనుండి రాలిన ఇసుకను తివాచీ చేరకముందే ఆపుటకు దానికంటె మేలైన యంత్రము లేదు. తప్పించుకొని లోనికి వచ్చిన కొలది రేణువులను మెల్లగ, తగినంత బలముతో, అడుగునుండి తీసివేయుట మాత్రమే వాక్యూమ్ క్లీనరు పని. తొంబది దినములు శ్రమించి ముడులు వేసిన చేతులకు ఇంటివారు చూపదగిన మర్యాదయు అదియే.